మీ బండి, మా జవాబు: సూపర్‌ఛార్జర్‌కి నీళ్ళ ఇంటర్‌కూలర్

దక్షిణ ఒడిశా పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) వేడెక్కించిన గాలిని నీళ్ళతో చల్లబరిచే ఇంటర్‌కూలర్. అందుకే వాటిని ఒకచోట చేర్చాం.

బరంపురం నుంచి ఒక పాఠకుడు: నా దగ్గర రెండు సీట్ల ట్రాక్ కారు ఉంది. 1.8 లీటర్ల ఇంజన్‌కి రూట్స్ రకం సూపర్‌ఛార్జర్ వేయించాను. బూస్టు (గాలికి ఎక్కే అదనపు పీడనం) 8 పీఎస్‌ఐ, పవర్ 200 హెచ్‌పీ దగ్గర ఉంటుంది. ఇంటర్‌కూలర్ లేదు. ఎండలో రెండు ల్యాపులు తిరిగేసరికి ఇంజన్‌లోకి వెళ్ళే గాలి 110 డిగ్రీలు చూపిస్తోంది, నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం) మొదలవుతోంది. గాలితో చల్లబడే పెద్ద ఇంటర్‌కూలర్‌కీ దాని పైపులకీ చోటు లేదు. నీళ్ళ రకం పెట్టాలంటే ఏం కావాలి, ఎలా బిగించాలి?

జవాబు: మీ మీటరు సరిగ్గానే చూపిస్తోంది. 40 డిగ్రీల గాలిని 8 పీఎస్‌ఐకి నొక్కితే ఏ నష్టమూ లేకుండానే 41 డిగ్రీలు వేడెక్కుతుంది. రూట్స్ సూపర్‌ఛార్జర్ సామర్థ్యం 55, 60 శాతానికి మించదు కాబట్టి ఆ పెరుగుదల 70 దాటుతుంది. గాలిని 60 డిగ్రీలకు దించగలిగితే గాలి సాంద్రత 15 శాతం పెరుగుతుంది. కోర్‌లో (ఇంటర్‌కూలర్‌లో నీళ్ళు గాలిని చల్లబరిచే భాగం) తగ్గే పీడనం తీసేసినా 12 శాతం దాకా మీకు మిగులుతుంది. నాకింగ్ తగ్గడం అంతకంటే పెద్ద లాభం.

కొనేముందు ఒక లెక్క చూడండి. 200 హెచ్‌పీకి సెకనుకు సుమారు 150 గ్రాముల గాలి కావాలి. దాన్ని 50 డిగ్రీలు చల్లబరచాలంటే 7.5 కిలోవాట్ల వేడిని లాగాలి. ఇంట్లో వాడే రెండు వేల వాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేసినట్టు. నిమిషానికి 20 లీటర్ల నీళ్ళు తిరిగితే కోర్‌లో అవి 5, 6 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తాయి. పది లీటర్లే తిరిగితే 11 డిగ్రీలు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కోర్‌కీ మెరిసే ట్యాంకుకీ ఖర్చుపెట్టి, ముందు పెట్టే రేడియేటర్ చిన్నది కొంటారు. నీళ్ళు వేడిని మోసుకుపోతాయి అంతే, మింగెయ్యవు. సర్క్యూట్‌లో 5 లీటర్లుంటే మీ 7.5 కిలోవాట్లకి సెకనుకు మూడో వంతు డిగ్రీ పెరుగుతాయి. నిమిషం పాటు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 20 డిగ్రీలు ఎక్కినట్టే. ట్యాంకు మీకు కొన్ని సెకన్ల వెసులుబాటు ఇస్తుంది, వేడిని బయటికి పంపేది మాత్రం ముందు రేడియేటరే. బంపర్ వెనక పట్టినంత పెద్దది పెట్టండి.

కావలసినవి: సూపర్‌ఛార్జర్‌కీ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కీ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) మధ్య కూర్చునే అల్యూమినియం కోర్, ముందు రేడియేటర్, గంటకు 1,200 లీటర్ల స్థాయి 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు, 3 నుంచి 5 లీటర్ల ట్యాంకు, 19 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న హోస్, క్లిప్పులు, 30 ఆంపియర్ల రిలే, పంపుకి తగ్గ ఫ్యూజు. పంపు చెప్పే 1,200 లీటర్లు దాదాపు అడ్డేమీ లేనప్పటి మాట. ప్రతి మెలికా, ప్రతి సన్న ఫిట్టింగూ అందులోంచి కొంత తినేస్తుంది. అందుకే 90 డిగ్రీల ఎల్బోలు వీలైనన్ని తగ్గించండి. 12 మి.మీ. హోస్ చవక అని దానికి దిగవద్దు.

కోర్‌ని బండికి ఎక్కించకముందే పరీక్షించాలి. ఒక నీళ్ళ గొట్టానికి బిరడా బిగించి, రెండోదానిలోంచి సైకిల్ పంపుతో 1 బార్ గాలి కొట్టి, బకెట్ నీళ్ళలో ముంచి పావుగంట ఉంచండి. ఒక్క బుడగ లేచినా ఆ కోర్ వద్దు. ఈ పావుగంట మానేస్తే ఏమవుతుందో పర్లాకిమిడి పాఠకుడి ప్రశ్నలో చూస్తారు.

తర్వాత బానెట్ ఖాళీ. బరువు పడినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి కోర్‌కీ బానెట్‌కీ మధ్య 15 నుంచి 20 మి.మీ. ఉండాలి. కోర్ మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగు చోట్ల చపాతీ పిండి ముద్దలు పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరవండి. ముద్ద ఎంత మందంగా మిగిలిందో అదే మీ ఖాళీ.

నీళ్ళ వరస ఇది: ట్యాంకు, పంపు, ముందు రేడియేటర్, కోర్, మళ్ళీ ట్యాంకు. పంపు ట్యాంకు కంటే కిందే ఉండాలి, ఎందుకంటే అది పైకి పీల్చుకోలేదు, నీళ్ళు వాటంతట అవే దానిలోకి దిగాలి. నీళ్ళు పోసే మూత సర్క్యూట్ మొత్తంలో ఎత్తైన చోట ఉండాలి. కోర్‌లోకి నీళ్ళు కింది గొట్టంలోంచి వెళ్ళి పై గొట్టంలోంచి రావాలి, లేకపోతే పైభాగంలో గాలి నిలిచిపోతుంది. దీన్ని ఇంజన్ కూలెంట్‌తో మాత్రం ఎక్కడా కలపకండి. అవి 90 డిగ్రీల నీళ్ళు.

ముందు రేడియేటర్ చుట్టూ స్పాంజి పట్టీ అతికించి సందులు మూయండి. గాలి దారి వెతుక్కుని పక్కనుంచి జారిపోతుంది, రెక్కల గుండా పోవడం దానికి కష్టం. వెనకున్న ఇంజన్ రేడియేటర్‌కీ దీనికీ మధ్య 20 మి.మీ. వదలండి.

రిలేలో 30కి ఫ్యూజు ద్వారా బ్యాటరీ, 87కి పంపు, 86కి ఇగ్నిషన్ ఆన్ వైరు, 85కి ఎర్త్. తాళం తిప్పగానే పంపు తిరగాలి, బూస్టు వచ్చాక కాదు. బూస్టు అక్కర్లేనప్పుడు గాలిని వెనక్కి వదిలే బైపాస్ వాల్వ్ వాక్యూమ్ గొట్టాన్ని మళ్ళీ తగిలించడం మరిచిపోతుంటారు. అది ఊడి ఉంటే మామూలుగా పోతున్నా సూపర్‌ఛార్జర్ గాలిని ఊరికే నొక్కి వేడెక్కిస్తూనే ఉంటుంది.

ఇక ఇంజన్‌ని కాపాడేదీ, పోగొట్టేదీ గాలి వేడి సెన్సర్. మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో గాలి పీడనం కొలిచేది) ఆధారంగా పెట్రోలు లెక్కించే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అయితే ఆ సెన్సర్ కోర్ దాటాక ఉండాలి. పాత చోటే వదిలేస్తే ఈసీయూ 110 డిగ్రీల పల్చటి గాలి అనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. లోపలికి వెళ్ళేది 60 డిగ్రీల చిక్కటి గాలి. 13 శాతం పెట్రోలు లోటుతో బూస్టులో నడిస్తే పిస్టన్ కరుగుతుంది. కాబట్టి సెన్సర్ మార్చి, మళ్ళీ ట్యూనింగ్ చేయించేదాకా బూస్టులోకి పోవద్దు. ట్యూనర్‌ని లాంబ్డా (ఆ పెట్రోలుకి సరైన నిష్పత్తితో పోల్చిన కొలత) చూసి చేయమనండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సరైన గాలి, పెట్రోలు నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర ఉంటుంది.

బిగించాక బూస్టు మీటరు 8 బదులు 7.5 చూపిస్తే కంగారుపడకండి, అది కోర్‌లో పోయిన పీడనం. 1 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడితే మాత్రం కోర్ చిన్నదని అర్థం.

ఒక హెచ్చరిక. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చేరిన 182ఏ సెక్షన్‌లో యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీది ట్రాక్ బండి కాబట్టి ట్రైలర్ మీదే తీసుకెళ్ళండి.

రాయగడ నుంచి: నీళ్ళ ఇంటర్‌కూలర్ బిగించి వారమైంది. పంపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, గాలి మాత్రం మునుపటిలాగే 100 డిగ్రీలు దాటుతోంది.

జవాబు: చప్పుడు వినిపిస్తోందంటేనే అనుమానం. నీళ్ళు నిండిన పంపు దాదాపు చప్పుడు చేయదు, గరగరమంటే లోపల గాలి ఉంది. ట్యాంకు మూత తీసి చూడండి. తిరిగొచ్చే ధార వేలు లావున, ఆగకుండా పడాలి.

పడకపోతే బండి ముందు భాగం జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టండి. ట్యాంకు నింపి, పంపుని పది సెకన్లు తిప్పి, పది సెకన్లు ఆపి, ఆపినప్పుడల్లా హోస్‌లని చేత్తో పిసుకుతూ పోండి. నీళ్ళు దిగేకొద్దీ పోస్తూనే ఉండాలి. బుడగలు ఆగడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. పంపుని పొడిగా తిప్పితే దాని బేరింగు పోతుంది.

ధార బాగానే ఉంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో బూస్టులో నడిపిన వెంటనే నాలుగు చోట్ల చూడండి. కోర్‌లోకి వెళ్ళే గొట్టానికీ బయటికొచ్చే గొట్టానికీ 15 డిగ్రీల తేడా ఉంటే నీళ్ళు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఎక్కడో హోస్ మడత పడి ఉంటుంది, లేదా పంపు వైర్లు తారుమారై వెనక్కి తిరుగుతూ ఉంటుంది. నీళ్ళు బాగా తిరుగుతూ, వేడిగా ఉండి, ముందు రేడియేటర్ రెండు గొట్టాలకీ తేడా లేకపోతే దాని గుండా గాలి పోవడం లేదు.

జయపురం నుంచి: కంపెనీ నుంచే సూపర్‌ఛార్జర్, నీళ్ళ ఇంటర్‌కూలర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాను. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు సగం దూరానికే పవర్ పడిపోతుంది. మైదానంలో బాగానే ఉంటుంది. ట్యాంకులో ఐస్ వేయొచ్చా?

జవాబు: ఘాట్‌లో లారీల వెనక పాతిక స్పీడులో, ఒక్కో వంపు దగ్గర గట్టిగా తొక్కుతూ ఎక్కుతారు. వేడి పుడుతూనే ఉంటుంది, ముందు రేడియేటర్‌కి గాలి తగలదు. ఈసీయూ స్పార్క్‌ని ఆలస్యం చేసి ఇంజన్‌ని కాపాడుకుంటుంది. మీకు పవర్ పడినట్టు తెలిసేది అదే. ఘాట్ ఎక్కాక వచ్చే కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పీడనం పదో వంతు తగ్గుతుంది. ఆ మేరకు పవర్ తగ్గడం లోపం కాదు.

సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ముందు బంపర్ విప్పించండి. చిన్న రేడియేటర్ రెక్కల్లో పురుగులు, ధాన్యపు ఊక, ఎర్రమట్టి గట్టిపడి ఉంటాయి. తోటకు నీళ్ళు పట్టే పైపుతో వెనకనుంచి ముందుకు కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. తర్వాత ఇంటర్‌కూలర్ నీళ్ళ పంపు తిరుగుతోందో లేదో చూపించండి. అది ఆగినా మైదానంలో తెలియకపోవచ్చు, ఇంజన్ వేడి మీటరు కూడా మామూలుగానే ఉంటుంది. ఫ్యాన్ పూర్తి వేగం అందుకుంటోందా అన్నది మూడోది.

ఐస్ సంగతి: కిలో ఐస్ కరిగితే 334 కిలోజౌళ్ళు లాగుతుంది, అంటే 8 లీటర్ల నీళ్ళని 10 డిగ్రీలు దించినంత. మైలులో పావు వంతు పరుగు పందేనికి అది చాలు. మీ ఘాట్ ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది, ఐస్ మొదటి వంపుల్లోనే అయిపోతుంది. పైగా కూలెంట్‌ని పల్చన చేస్తుంది. వేయకండి.

పర్లాకిమిడి నుంచి: ఇంటర్‌కూలర్ ట్యాంకులో నెలకి అర లీటరు తగ్గుతోంది. కింద ఎక్కడా చుక్క లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, ఏదో తీపి వాసన.

జవాబు: బండిని ఇక స్టార్ట్ చేయకండి. ఆ తీపి వాసన కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌ది. కోర్ లోపల చిల్లు పడింది. థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) సూపర్‌ఛార్జర్‌కి ముందున్న బండ్లలో కోర్ మ్యానిఫోల్డ్ వైపే ఉంటుంది. బూస్టులో గాలి నీళ్ళలోకి చొరబడి ట్యాంకులో బుడగలు లేపుతుంది. ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ వాక్యూమ్ నీళ్ళనే ఇంజన్‌లోకి పీలుస్తుంది. రాత్రంతా నిలబెడితే ఎత్తున ఉన్న ట్యాంకులోంచి నీళ్ళు దిగి ఏదో ఒక సిలిండర్‌లో చేరతాయి. నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ముందు ట్యాంకు ఖాళీ చేయండి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పండి, మిగతావాటికంటే కడిగినట్టు మెరిసే ప్లగ్గు ఏ సిలిండర్‌దో అక్కడే నీళ్ళు దిగుతున్నాయి. ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, ప్లగ్గులు లేకుండానే ఇంజన్‌ని స్పానర్‌తో రెండు చుట్లు చేత్తో తిప్పి, ఆ తర్వాతే సెల్ఫ్‌తో తిప్పి నీళ్ళు బయటికి నెట్టండి. ఆయిల్ డిప్‌స్టిక్ చూసి, పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాలి. కోర్‌ని బయటికి తీసి బకెట్ పరీక్ష చేయండి. చిల్లు ట్యూబు మధ్యలో ఉంటే వెల్డింగ్ నిలవదు, కోర్ మార్చాల్సిందే.

చిల్లు ఎందుకు పడిందో కూడా చూసుకోండి. బోరు నీళ్ళు పోసి ఉంటే అల్యూమినియంని లోపలినుంచి తినేసి ఉంటాయి. కొత్త కోర్‌లో డిస్టిల్డ్ వాటర్ 70 పాళ్ళు, అల్యూమినియంకి పనికొచ్చే గ్లైకాల్ కూలెంట్ 30 పాళ్ళు పోయండి. సగం సగం కలిపితే నీళ్ళు వేడి మోసే శక్తి తగ్గుతుంది, మన ఎండలకి అంత గ్లైకాల్ అవసరం లేదు. రెండేళ్ళకోసారి మొత్తం తీసి కొత్తది నింపండి.