నాలుగింటికి మెలకువ, గుండెలో దడ

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తెనాలి. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టెన్త్‌కి లెక్కలు చెబుతాను. బాబు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో అత్తయ్యగారికి షుగర్. ఆరేడు నెలలుగా తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది, ఇక నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. చిన్న విషయానికీ మావారి మీద కసురుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర నాలుగేళ్లుగా వేసుకుంటున్నాను. ఇదంతా టెన్షనే, నిద్రమాత్రల జోలికి పోవద్దు అంటూ పక్కింటి పిన్నిగారు అశ్వగంధ పొడి తెచ్చిచ్చారు. వాడొచ్చా? మందుల్లేకుండా సహజంగా తగ్గే దారి ఉంటే చెప్పండి.

జవాబు: ముందు ఆ పొడి డబ్బా మూత పెట్టి పక్కన పెట్టండమ్మా. అశ్వగంధ, అదే మన పెన్నేరు గడ్డ, పనికిరానిదని కాదు. టెన్షన్ మీద, నిద్ర మీద కొంత పనిచేస్తుందని చిన్న చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ అది థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, మీరేమో ఇప్పటికే ఆ మాత్ర మీద ఉన్నారు. అరుదుగానే అయినా దాన్ని వాడినవాళ్లకు లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. చెట్టు నుంచి వచ్చిందల్లా హాని చెయ్యదనుకోవడం మనకి బాగా అలవాటైపోయింది. గన్నేరు కూడా చెట్టేగా!

రెండోది, ఇదంతా టెన్షనే అని మీరూ పిన్నిగారూ కలిసి తేల్చేశారు. థైరాయిడ్ మాత్ర మోతాదు ఒంటికి కాస్త ఎక్కువైనా ఇదే దడ, ఇదే నిద్రలేమి, ఇదే చికాకు వస్తాయి. రక్తం తక్కువగా ఉన్నా దడ వస్తుంది, నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లలో ఇది మామూలే. అందుకని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీపీ, షుగర్ ఈ వారమే చూపించుకోండి, అత్తయ్యగారికి టెస్టులకని ల్యాబుకి వెళ్లినప్పుడు మీ చెయ్యి కూడా చాపండి. రిపోర్టులన్నీ బాగుంటే అప్పుడు టెన్షన్ అనుకుందాం.

అసలు ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను, తెలిస్తే సగం భయం పోతుంది. పొలం గట్టు మీద ఎద్దు కుమ్మడానికి వస్తే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని, కాసేపటికి కార్టిసాల్‌ని వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, పరిగెత్తడానికి రక్తంలోకి చక్కెర వస్తుంది, అరుగుదల మందగిస్తుంది. పరిగెత్తి గట్టు దాటేస్తే కాసేపట్లో ఆ కథ అయిపోతుంది. రాత్రి పదకొండింటికి స్కూల్ గ్రూపులో ‘మేడమ్, మా వాడికి మూడు మార్కులు ఎందుకు తీసేశారు?’ అని మెసేజీ టింగుమన్నా ఒంట్లో ఇదే తంతు నడుస్తుంది. కాకపోతే మీరు పరిగెత్తరు, పడుకుని పైకప్పు చూస్తూ ఉంటారు. పిలిచిన సైన్యానికి యుద్ధమూ లేదు, ఇంటికి వెళ్లిపొమ్మనే ఆర్డరూ లేదు.

1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే ఆయన ఎలుకలకి రకరకాల ఇబ్బందులు పెట్టి చూశాడు. ఏది పెట్టినా ఒకటే ఫలితం: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుళ్లు పడ్డాయి. బాధ ఏదైనా ఒళ్లు స్పందించే తీరు ఒకటే అన్నాడాయన. స్ట్రెస్ అనే మాట మన నోళ్లలోకి వచ్చింది ఎక్కువగా ఆయన వల్లే.

మరి నాలుగింటికే ఎందుకంటారా? మనల్ని నిద్ర లేపడానికి కార్టిసాల్ తెల్లవారుజాము నుంచి సహజంగానే పెరుగుతుంది. అప్పటికే బిగిసి ఉన్న ఒంటికి అదీ తోడైతే బాబు ర్యాంకు, అత్తయ్యగారి షుగరు, సిలబస్ అన్నీ భూతాల్లా కనిపిస్తాయి. ఆ వేళప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఫోను అసలే ముట్టుకోకండి.

దానికి బదులు ఇది చేసి చూడండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి, నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేలికే తెలుస్తుంది. వేగస్ నరం గుండెకి బ్రేకు వేసేది ఆ వదిలేటప్పుడే. అందుకే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదిలితే, నిమిషానికి ఆరు సార్లు వస్తుంది, ఓ అయిదు నిమిషాలు చాలు. లెక్కల టీచర్‌కి లెక్కపెట్టడం నేర్పక్కర్లేదు. భ్రామరి ప్రాణాయామంలో తుమ్మెదలా ఝుమ్మంటూ వదిలేది కూడా ఈ పొడుగాటి ఊపిరే.

పరిగెత్తని పరుగు నడకతో తీరుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. టైం లేదంటారని తెలుసు. స్కూల్ నుంచి వచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందు దిగిపోండి, అంతే, చెవిలో ఫోను లేకుండా.

స్టాఫ్ రూములో సాయంత్రం నాలుగున్నరకి తాగే స్ట్రాంగు టీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత టీ మానేయండి, రెండు మూడు రోజులు తలనొప్పి వస్తే రానివ్వండి, తగ్గిపోతుంది. గ్రూపుకి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత జవాబు ఇవ్వనని ఒక్క మెసేజీ పెట్టి మ్యూట్ చేయండి. అత్తయ్యగారి మందులు, చెకప్పులు మీవారికి అప్పజెప్పండి, ఆయన కన్నతల్లే కదా! ఊపిరి వ్యాయామాలు ఎన్ని చేసినా నలుగురి పని ఒక్కరి నెత్తిన ఉంటే అవి నిలబడవు. బాబు ఆదివారం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న వీక్లీ టెస్టు మార్కులేనా? ఈసారి ఏం తిన్నాడో అడగండి, అతనికే కాదు, మీకూ కాస్త తేలికవుతుంది.

ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా ఈ ఊపిరి సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏడుపు ఆగకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: వరంగల్‌లో ఆటో నడుపుతాను. అప్పుల టెన్షన్‌తో రాత్రి రెండు పెగ్గులు వేస్తేనే నిద్ర వస్తోంది. మందుబిళ్లల కంటే ఇదే మేలు కదా?

జవాబు: కాదు తమ్ముడూ. మందు నిద్రలోకి తొందరగా నెట్టేస్తుంది, నిజమే, కానీ అది దిగేసరికి, అంటే రాత్రి రెండో సగంలో, నిద్ర ముక్కలైపోతుంది. గురక ఎక్కువవుతుంది, మూడింటికి నోరు ఎండిపోయి లేస్తారు, పొద్దున్నే హ్యాండిల్ పట్టుకుంటే కళ్లు మండుతుంటాయి. అప్పుకి ఈ పెగ్గుల ఖర్చూ తోడు. అయితే ఒక్క మాట, మీరు రాసిన రెండు పెగ్గులు నిజంగా రెండేనా? ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగుతూ ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి, వణుకు, ఫిట్స్ రావొచ్చు. ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లి, రోజుకి ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి.