కేకే లైన్‌ని ఆయిల్ పెయింటింగ్ వేయాలంటే ముందు బండి ఎక్కుతోందో దిగుతోందో తేల్చుకోండి

మీ నాన్నగారు కేకే లైన్‌లో, అంటే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో గూడ్సు బండ్లు నడిపి రిటైరయ్యారని, ఆయన గదిలో పెట్టడానికి ఆ లైన్‌నే ఆయిల్ పెయింటింగ్ వేయాలని ఉందని, నెట్‌లో దొరికిన ఫోటో చూసి వేస్తే సరిపోతుందా అని అడిగారు. నాది విశాఖే. చాలా ఏళ్లుగా ఎస్.కోట నుంచి అరకు దాకా ఉన్న ఈ ఘాట్ సెక్షన్‌నే ఎక్కువగా వేస్తున్నాను. ఫోటో పనికొస్తుంది. కానీ బ్రష్ పట్టుకునే ముందే ఒకటి తేల్చుకోవాలి. మీ బొమ్మలో బండి కొండ ఎక్కుతోందా, దిగుతోందా?

నా బొమ్మలు చూసిన రైల్వే వాళ్లు మొదట అడిగేది ఇదే, "లోడా, ఎంప్టీయా?" అని. ఈ లైన్ పుట్టిందే ఇనుప ఖనిజం కోసం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి, ఆ దేశం సహకారంతోనే 1960ల్లో కట్టారు. అందుకే మన ఘాట్‌లో ఖాళీ వ్యాగన్లు పైకెక్కుతాయి, నిండువి కిందికి దిగుతాయి. శిమిలిగూడ సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది. అక్కణ్నుంచి మైదానం చేరేదాకా లోడు బండిలో ఇంజన్ పని లాగడం కాదు, వెనకనుంచి తోసుకొచ్చే బరువుని పట్టి ఆపుకుంటూ రావడం. కాబట్టి దిగే బండిని దూసుకొస్తున్నట్టు వేయకండి. మీ నాన్నగారి లాంటివాళ్లు ఆ వాలు మీద పడిన టెన్షన్ అంతా బండిని దూసుకుపోనివ్వకుండా ఉండటానికే.

లోడు అని తేల్చుకుంటే వ్యాగన్లు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. చాలామంది ఖనిజాన్ని అంచుదాకా కుప్పపోసినట్టు వేస్తారు. ఇనుప ఖనిజం చాలా బరువు. ఎత్తు గోడల వ్యాగన్ సగం నిండకముందే మోయగలిగినంత బరువు పడిపోతుంది. పైనుంచి చూస్తే లోపల అడుగున చిన్న గుట్టలుగా ఉంటుంది, పై భాగమంతా నీడ. గోడల లోపలివైపు ఆ నీడ సరిగ్గా పడితే చాలు, బరువు దానంతటదే కనిపిస్తుంది.

రంగుల విషయంలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి చెప్తాను. ఆ ఖనిజం హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. మీ ట్యూబుల్లోని ఇండియన్ రెడ్, బర్న్‌ట్ సియెన్నా కూడా ఐరన్ ఆక్సైడ్ రంగులే. పట్టాల పక్కల పట్టిన తుప్పు, మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి మీది ఎరుపు, కొండ కోసిన చోట బయటపడిన మట్టి, అన్నిటిలోనూ అదే ఇనుము. ఈ రెండు ట్యూబుల్లోనే కాస్త అల్ట్రామెరైన్ నీలం, కాస్త తెలుపు మార్చి మార్చి కలుపుకుంటే బొమ్మలో సగం వచ్చేస్తుంది. మీ నాన్నగారు ఇన్నేళ్లు కిందికి దించింది కూడా ఆ ఎరుపునే.

సొరంగం మూతిని నల్లరంగుతో పూడ్చేయకండి. ఎండ ఉన్నప్పుడు కంకర మీద పడిన వెలుగు లోపలికి కొంతదూరం ఎగబాకుతుంది. మొదటి కొన్ని అడుగుల్లో గోడ రాయి, ఊటనీటి తడి మెరుపు, కింద స్లీపర్ల అంచులు తెలుస్తాయి. ఆ తర్వాతే చీకటి. ఆ చీకటికి కూడా బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ కలిపితే లోతు వస్తుంది.

కరెంటు స్తంభాలు, తీగలు అందాన్ని చెడగొడతాయని తీసేసేవాళ్లున్నారు. ఇంకొందరు ఏకంగా పొగ చిమ్మే ఆవిరి ఇంజన్ పెడతారు. అది ఊటీ, డార్జిలింగ్ బొమ్మ. మన ఘాట్‌ది కాదు. ఇక్కడ దశాబ్దాలుగా నడుస్తున్నది కరెంటు ఇంజన్లే. తీగని జాగ్రత్తగా గమనించండి. వంపులో పట్టా గుండ్రంగా తిరుగుతుంది కానీ పైన తీగ తిరగదు, స్తంభం నుంచి స్తంభానికి తిన్నని ముక్కలుగా సాగుతుంది. వంపు బయటివైపు పట్టా కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి బండి లోపలికి ఒరుగుతుంది. స్తంభాలు మాత్రం నిటారుగానే ఉంటాయి. ఆ రెండింటి మధ్య తేడా చూపిస్తే బండి నిజంగా మలుపు తిరుగుతున్నట్టుంటుంది. ఫోటోల్లో ఇది సరిగా కనబడదు. కిరండూల్ ప్యాసింజర్‌లో ఒకసారి అరకు దాకా వెళ్లండి, బొర్రా గుహలు, శిమిలిగూడ ప్లాట్‌ఫారాల మీద నిలబడి స్కెచ్ చేసుకోండి. పట్టాల మీదికి, సొరంగాల్లోకి మాత్రం వెళ్లొద్దు. ప్రాణానికి ప్రమాదం, చట్టప్రకారం నేరం కూడా.

ఏ నెల వేస్తారన్నది మీ ఇష్టం. వానలు వెనకబట్టాక కొండలు బాగుంటాయి, తర్వాత అరకు వైపు వలిసె పూల పసుపు వస్తుంది. ఆ పసుపు చూసి బండిని మర్చిపోతారేమో అనే నా భయం.

మన ఊరి చెమ్మ గురించి కూడా చెప్పాలి. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, అందులోని అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ ఉండాలి, పైకి వచ్చేకొద్దీ నూనె పెంచాలి. ఈ వరస తిరగేస్తే పగుళ్లొస్తాయి. అంబర్ త్వరగా ఆరుతుంది, కాడ్మియం రంగులు, ఐవరీ బ్లాక్ బాగా ఆలస్యం చేస్తాయి. కాన్వాస్‌ని గోడకి ఆనించి పెట్టకండి, వెనక గాలి ఆడకపోతే బూజు పడుతుంది. చివరి వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగండి.

సర్‌ప్రైజ్‌గా ఇవ్వాలన్న పట్టుదల లేకపోతే, చార్‌కోల్ గీతల దశలోనే నాన్నగారికి చూపించండి. ఏ మలుపు, ఎటువైపు వాలు, బ్రేకు ఎక్కడ పట్టేవారు, అన్నీ అడగండి. రంగు పడ్డాక వాలు మార్చడం పెద్ద పని, బొగ్గు గీత అయితే గుడ్డతో తుడిచి మళ్లీ గీసుకోవచ్చు.