ఇద్దరికీ కలిపి నెలకు లక్షా ఇరవై వేలు వస్తే మధ్యతరగతేనా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా: హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ చెరో అరవై వేలు తెచ్చుకుంటున్నారు. ఇంటి లోను కిస్తీ 43 వేలు, పిల్లలిద్దరి స్కూలు ఫీజులు, ఊళ్ళో అమ్మానాన్నల మందులకు పంపేది పోను నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. అలాంటిది మీరు దేశంలో పై పది శాతంలో ఉన్నారని ఎవరో అంటే నమ్మబుద్ధి కాలేదు.

పై పది శాతంలోనే ఉన్నారండీ. నేను బ్యాంకులో లోన్ల విభాగంలో పనిచేస్తాను. ముందు ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌను బ్రాంచి, ఇప్పుడు హైదరాబాద్. జీతం స్లిప్పులు, ఫారం-16లు, ఖాతా స్టేట్‌మెంట్లు చూడటమే నా పని. నెలకు పాతిక వేలు వచ్చేవారూ, మూడు లక్షలు వచ్చేవారూ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఒకే మాట అంటారు: "మాది మిడిల్ క్లాసేనండీ." మనస్ఫూర్తిగానే అంటారు.

ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2022లో విడుదల చేసిన అసమానతల నివేదిక ప్రకారం నెలకు 25 వేలు జీతం వస్తే చాలు, సంపాదనపరుల్లో పై పది శాతంలోకి వచ్చేసినట్టే. ఆర్థికవేత్తలు నితిన్ కుమార్ భారతి, థామస్ పికెటీ మరో ఇద్దరితో కలిసి 2024లో వెలువరించిన అధ్యయనం ఇంకాస్త లోతుకు వెళ్ళింది. వాళ్ళ అంచనాలో 2022-23లో కింది సగం మంది సగటు ఆదాయం ఏడాదికి సుమారు 71 వేలు. వాళ్ళ పైనున్న నలభై శాతానిది, అంటే నిజంగా మధ్యలో ఉన్నవాళ్ళది, 1.65 లక్షలు. నెలకు పద్నాలుగు వేల లోపు. ఆ పైన పది శాతానిది ఏకంగా 13.5 లక్షలు, అందులో అందరికంటే పైనున్న ఒక్క శాతానిది 53 లక్షలు.

ఇప్పుడు మీ సంగతి చూడండి. మీ ఇద్దరిలో ఒక్కొక్కరికి ఏడాదికి 7.2 లక్షలు. పై పది శాతంలో ఉన్నారు గానీ, ఆ పది శాతం సగటులో సగం చుట్టుపక్కలే. మీ ఆఫీసులో మీ మేనేజరు, మీ గేటెడ్ కమ్యూనిటీలో పెద్ద కారు వాళ్ళు, అమెరికా నుంచి వచ్చి పక్క వెంచర్లో విల్లా కొన్న తోడల్లుడు, అందరూ మీకంటే పైమెట్టు మీదే కనిపిస్తారు. నెలకు పద్నాలుగు వేలవాళ్ళూ రోజూ కనిపిస్తారు, కానీ వాచ్‌మన్‌గా, డెలివరీ కుర్రాడిగా, ఇంట్లో పనిచేసే మనిషిగా. వాళ్ళతో మనల్ని పోల్చుకునే అలవాటు ఎవరికీ లేదు.

ఖర్చుల లెక్క తీసినా ఇదే తేలుతుంది. కిస్తీ, ఊరికి పంపేది పోను మీరు నెలకు 70 వేలు వాడతారనుకుందాం, నలుగురికి తలా 17,500. కేంద్రం చేసిన 2022-23 గృహ వినియోగ సర్వేలో దేశంలోని పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 6,459 రూపాయలు.

అయితే నా ఉద్యోగంలో నాకు బాగా తెలిసిన లెక్క ఇంకొకటి ఉంది. మనిషి ఏ తరగతో తెలియాలంటే నేను జీతం కంటే ముందు అతనికి అప్పు ఎంత వడ్డీకి పుడుతుందో చూస్తాను.

మీ 43 వేల కిస్తీ అంటే బహుశా 50 లక్షల లోను, ఇరవై ఏళ్ళు, ఎనిమిదిన్నర శాతం అయి ఉంటుంది. ఇప్పుడు మా బ్రాంచి సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకావిడ సంగతి చెబుతాను. గిరాకీ బాగున్న నెలలో ఇంచుమించు పాతిక వేలు మిగులుతాయి. కొడుకుని ఇంగ్లీషు మీడియం కాన్వెంటుకు పంపిస్తోంది. ఆమె కూడా మాటల్లో "మాలాంటి మధ్యతరగతోళ్ళు" అనే అంటుంది. బండి డ్రాయర్లో చిల్లర డబ్బాతో పాటు ఒక అట్టకార్డు ఉంటుంది, దాని నిండా గళ్ళు. సాయంత్రం బైకు మీద ఒక కుర్రాడు వస్తాడు, ఆమె వంద నోటు ఇస్తుంది, అతను ఒక గడిలో సంతకం గీకి వెళ్ళిపోతాడు. డైలీ ఫైనాన్స్. పదివేలు అప్పని రాసుకుని, ముందే కోసేసి చేతికి 8,800 ఇచ్చారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. రోజూ అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఏడాది వడ్డీగా మారిస్తే నూటికి దాదాపు 95 పడుతుంది. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆవిడ అన్న మాట: "పొద్దున్నే పిండికీ గ్యాసుకీ డబ్బు కావాలి సార్, మీ బ్యాంకు పొద్దున్నే ఇస్తుందా?"

ఒకే సందులో మీకు ఎనిమిదిన్నర, ఆమెకు తొంభై అయిదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఆమె ఒళ్ళు వంచి సంపాదించినదాంట్లో కొంత ప్రతి వంద రోజులకూ వడ్డీ కిందే పోతుంటే, పాతిక వేలు వస్తున్నా ఏడాది తిరిగేసరికి పైమెట్టు ఎక్కడం ఎలా?

ఊళ్ళలో నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అనే వడ్డీ, అంటే ఏడాదికి 24, 36 శాతం, మామూలు మాట. ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీ ఇచ్చినప్పుడు అది అంత పెద్ద సంగతి ఎందుకయిందో ఆ రెండు రూపాయల వడ్డీ కట్టినవాళ్ళకే తెలుసు. మైక్రోఫైనాన్స్ వసూళ్ళ వేధింపుల మీద 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందీ ఇక్కడే.

ఇంత చెప్పినా, మీ టెన్షన్ ఉత్తదే అనను. మీరు కట్టే ఫీజులు, కొనే మందులు, చెల్లించే కిస్తీ అన్నీ జీతం ఆగని రోజుల లెక్కలే. ఒకరి ఉద్యోగం పోతే కిస్తీ ఆగదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆ ఉద్యోగంతోనే పోతుంది. తెల్లకార్డు మీకు రాదు. పై పది శాతంలో ఉండీ ఒక్క పెద్ద ఆపరేషన్ దూరంలో ఉన్నామనే భయం వాస్తవమే. ప్రభుత్వ బడి, ప్రభుత్వాసుపత్రి మీరు నమ్మి వెళ్ళేలా ఉంటే ఈ లక్షా ఇరవై వేలే మీకు చాలా పెద్ద డబ్బులా అనిపించేది.

ప్రభుత్వం గీసే గీతలు కూడా గందరగోళం పెంచుతాయి. ఆర్థికంగా బలహీన వర్గాల రిజర్వేషన్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. 2025 బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల వరకు పన్ను లేకుండా చేసినప్పుడు మధ్యతరగతికి వరం అన్నారు. ఆ విధానంలో మీ ఇద్దరికీ పన్ను సున్నా. సంతోషమే. కానీ నెలకు పద్నాలుగు వేలతో నిజంగా మధ్యలో ఉన్నవాళ్ళు అంతకుముందు కూడా ఆదాయపు పన్ను కట్టలేదు, కాబట్టి వాళ్ళకు దాంతో ఒరిగిందేమీ లేదు. మధ్యతరగతి అన్న పేరు మనమే పెట్టేసుకుంటే, ఆ పేరు మీద వచ్చేవన్నీ మనకే వస్తాయి.

ఇక మీరు చేయగలిగింది. సొంతంగా ఒక ఫ్యామిలీ ఆరోగ్య బీమా తీసుకోండి, కంపెనీది ఉన్నా సరే. ఆరు నెలల కిస్తీకి సరిపడా డబ్బు ఎఫ్‌డీలో పక్కన పెట్టేదాకా కొత్త కారు ఆలోచన వద్దు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ అడ్వాన్సు అడిగితే, ఎందుకో ఒక్కసారి అడగండి. డైలీ ఫైనాన్స్ కట్టడానికైతే వడ్డీ లేకుండా మీరే ఇచ్చి నెలనెలా జీతంలో కొంచెం కొంచెం పట్టుకోండి. ఒంటి మీద కాస్త బంగారం ఉంటే మార్వాడీ దగ్గరకు వెళ్ళనివ్వకుండా బ్యాంకులో గోల్డ్ లోన్ ఇప్పించండి. వాళ్ళాయనకు తోపుడు బండి ఉంటే, మున్సిపాలిటీ వాళ్ళిచ్చే వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, ఆధార్ పట్టుకుని పీఎం స్వనిధి లోనుకు రమ్మనండి. 2020లో మొదలైన పథకం అది, తాకట్టేమీ అక్కర్లేదు, వేళకు కడితే తర్వాతి విడత పెద్ద మొత్తం ఇస్తారు. ఫారం నింపడం రాక వెనక్కి తిరిగిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు ఒక అరగంట కూర్చుని నింపి పెడితే చాలు.