ఆస్తమాకి సిద్ధ కషాయం తాగుతుంటే ఇన్‌హేలర్ మానేయొచ్చా?

మానకూడదు. సిద్ధ అంటే తమిళనాడు సంప్రదాయ వైద్యం, కుడినీర్ అంటే అందులో కషాయం. మీ నాన్నగారి ఆస్తమాకి చెన్నైలో రాసిచ్చిన ‘ఆడాతోడై కుడినీర్’లో ప్రధానంగా ఉండేది మన అడ్డసరం ఆకే. దాంతోపాటు అతిమధురం, పిప్పళ్ళు, తాలీసపత్రం కలుస్తాయి. జిగటగా పట్టేసిన కఫాన్ని పల్చబరిచి బయటికి తెచ్చే మందు ఇది. దగ్గు సిరప్పుల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్‌కి మూలం కూడా ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థమే. ఊపిరిగొట్టాల లోపలి వాపు తగ్గించడం వేరే పని, దానికి ఇన్‌హేలరే కావాలి. ఆయాసం ఎగదన్నుతుంటే పొయ్యి మీద కషాయం గిన్నె పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇక ‘తాగాం, గుణం లేదు’ అనేవాళ్ళలో చాలామంది కాచడంలోనే చెడగొడతారు. పొడి ఉప్మారవ్వలా బరకగా ఉండాలి. మెత్తటిదైతే అడుగంటుతుంది, గుడ్డలోంచి దిగదు, తాగితే గొంతులో గరగర. పెద్దవాళ్ళకి 5 గ్రాముల పొడి 240 మి.లీ. నీళ్ళలో వేసి, మూత పెట్టకుండా, సన్నసెగ మీద 60 మి.లీ. మిగిలేదాకా కాచాలి. పెద్ద మంట పెడితే నీళ్ళు ఇగిరిపోతాయి కానీ సారం దిగదు. సరిగ్గా కాగితే ముదురు రంగులో ఉండి, చేదు నాలుక మొదట్లో పట్టేస్తుంది. అల్యూమినియం గిన్నె వద్దు. తేనె గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. పొద్దున కాచింది ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి తాగడం ఇంకో తెలివితక్కువ పని: సిద్ధ లెక్కలో కుడినీర్ ఆయుష్షు 3 గంటలు, చూర్ణానిది 3 నెలలు. కాచే ఓపిక లేకపోతే ‘ఆడాతోడై మణప్పాగు’ అని పాకం దొరుకుతుంది, 5 నుంచి 10 మి.లీ. వేడినీళ్ళలో. షుగరుంటే మాత్రం దాని జోలికి పోవద్దు.

అతిమధురం బీపీ పెంచుతుంది. ఈ సంగతి మూలికల కొట్టువాడు చెప్పడు. గర్భిణులకు అడ్డసరం అసలే వద్దు, గర్భసంచిని బిగిసేలా చేస్తుంది.

కొట్ల సంగతి ఎత్తానుగా, అడ్డసరం పేరుతో పెద్దమాను చెట్టు ఆకు అంటగట్టేవాళ్ళున్నారు. అడ్డసరం ఆకు అంచు దాదాపు నున్నగా ఉంటుంది, పెద్దమాను రెబ్బకి మొరటు పళ్ళుంటాయి. పొడి చేశాక ఆ తేడా ఎవరు పడతారు? అందుకే ఎండాకు కొని ఇంట్లో దంచుకోండి. తాలీసపత్రం పేరుతో టాక్సస్ అనే చెట్టు ఆకు కూడా వస్తుంది, అది విషం. అందుకే తాలీసపత్రం తెలిసినవాళ్ళ దగ్గరే తీసుకోవాలి.

పేరూ ఊరూ లేని పొట్లంతో రెండు రోజుల్లో ఆయాసం మాయమైందంటే నేనైతే సంతోషించను, స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానిస్తాను. వారాల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. హఠాత్తుగా మానేస్తే ఇంకా ప్రమాదం, కాబట్టి ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. సిద్ధ వైద్యంలో పాదరసం, పాషాణాలు (విష ఖనిజాలు) పడే గుళికలూ ఉన్నాయి, వాటిని ఆన్‌లైన్‌లో కొనకండి. సిద్ధ వైద్యమే కావాలంటే బి.ఎస్.ఎం.ఎస్. (సిద్ధ వైద్య డిగ్రీ) చదివినవాళ్ళని అడగండి. చెన్నైలో తాంబరం దగ్గరున్న జాతీయ సిద్ధ సంస్థలో ఓపీ ఉంది. వెళ్ళేటప్పుడు నాన్నగారి ఇన్‌హేలర్, బీపీ మాత్రల చీటీ వెంట తీసుకెళ్ళండి.