ప్యాటెన్ ఎన్నికల మార్పులు సంస్కరణలా, చిచ్చా?

మీరడిగింది: 1997లో చైనాకు అప్పగించే ముందు హాంకాంగ్‌లో గవర్నర్ క్రిస్ ప్యాటెన్ తెచ్చిన ఎన్నికల మార్పులు నిజమైన సంస్కరణలేనా, లేక బ్రిటన్ వెళ్తూ వెళ్తూ పెట్టిన చిచ్చా అని.

ఆ రోజుల్లో నేను చిమ్ షా చుయ్‌లో ఒక ఎగుమతి-దిగుమతి కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. ఏడేళ్లు స్థిరంగా ఉన్నవాళ్లకు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదైనా సరే, అక్కడ ఓటు ఇచ్చేవారు. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో అక్కడ ఓటేశానంటే మావాళ్లు ఇప్పటికీ నమ్మరు.

1992 అక్టోబరులో ప్యాటెన్ చెప్పినవి పైకి చిన్న మార్పులే. ఓటు వయసు 21 నుంచి 18కి దించడం, జిల్లా బోర్డుల్లో నామినేటెడ్ సభ్యుల్ని తీసేయడం, అలాంటివి. శాసనమండలిలో 60 సీట్లుంటే జనం నేరుగా ఎన్నుకునేవి 20. ఆ లెక్క చైనా 1990లోనే తేల్చేసింది, ఆయన దాని జోలికి పోలేదు. అసలు కిటుకంతా వృత్తుల వారీ సీట్లలో ఉంది. మన పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీ సీట్ల లాంటివే, కాకపోతే అక్కడ ఏకంగా 30. వాటిలో చాలా చోట్ల ఓటు కంపెనీ పేరున ఉండేది, అంటే యజమానిదే. కానీ ఈ సీట్లకు ఓటర్లెవరో చైనా ఎక్కడా రాసిపెట్టలేదు. ప్యాటెన్ ఆ సందు పట్టుకుని, ఆ 30లోనే తొమ్మిది కొత్త సీట్లు పెట్టి, దాదాపు 27 లక్షల మంది ఉద్యోగుల్ని అర్హుల్ని చేశాడు. 1995 సెప్టెంబరులో మా బాస్‌కి ఎంత ఓటో, నాకూ, గోడౌన్‌లో పెట్టెలు మోసేవాళ్లకూ అంతే. బాస్‌కి అది అస్సలు మింగుడు పడలేదు.

బీజింగ్‌కి అసలే పడలేదు. 1993లో 17 విడతల చర్చలు జరిగి విఫలమయ్యాయి. చైనా అధికారి లూ పింగ్ ప్యాటెన్‌ను తరతరాలకూ పాపిగా మిగిలిపోతాడని తిట్టాడు. 1994 జూన్‌లో బిల్లు నెగ్గింది. మొత్తం 60 సీట్లూ నేరుగా ఎన్నుకోవాలన్న మండలి సభ్యురాలు ఎమిలీ లావ్ ప్రతిపాదన మాత్రం ఒకే ఒక్క ఓటు తేడాతో పోయింది.

చిచ్చు అంటే నేనొప్పుకోను. ఆలస్యమంటారా, అది వేరే మాట. నూట యాభై ఏళ్లు ఏలినవాళ్లకు 1991 దాకా ఒక్క ప్రత్యక్ష సీటు ఇవ్వాలనిపించలేదా అని మా ఆఫీసులో చైనీస్ స్నేహితులే ఎత్తిపొడిచేవారు.

1995లో గెలిచినవాళ్లు అప్పగింత తర్వాత కూడా కొనసాగాలన్నది మొదట్లో అనుకున్న పద్ధతి. చైనా దాన్ని రద్దు చేసి, 400 మంది కమిటీ ఎంచిన తాత్కాలిక మండలిని కూర్చోబెట్టింది. 1998 ఎన్నికలకు ఎగుమతి-దిగుమతి సీటు ఉద్యోగుల నుంచి కంపెనీల, వ్యాపార సంఘాల సభ్యుల చేతికెళ్లింది. నాకు ప్రాంతం ఓటు, అంటే నేరుగా ఎన్నుకునే సీట్లకు వేసేది, ఒక్కటే మిగిలింది.