బావతో బాప్తిస్మం గొడవ

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు కుటుంబం. అక్కను గుంటూరు వైపు లూథరన్ల ఇంట్లో ఇచ్చాం. మా దగ్గర నమ్మినవాళ్లనే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు, వాళ్ల దగ్గర పసిపిల్లలకు కూడా నీళ్లు చల్లి ఇస్తారు. వచ్చే నెల వాళ్ల నాలుగు నెలల బాబుకి బాప్తిస్మం. ఆ కబురు చూసి నేను మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో "నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మం అయిపోతుందా బావా? బైబిలు ఎప్పుడైనా తెరిచావా?" అని పెట్టాను. బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అక్క ఫోన్ ఎత్తట్లేదు. అమ్మకి ఒకటే టెన్షన్. కానీ మెత్తగా మాట్లాడితే సత్యాన్ని వదులుకున్నట్టు కాదా? ఎదురాడేవాళ్లను "శిక్షించుచు" అని పౌలే రాశాడు కదా?

- ఒక సోదరుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పిన మాట రెండో తిమోతి 2:24-26లో ఉంది. అక్కడ ఉన్నది "సాత్వికముతో శిక్షించుచు" అని. ముందు మాట వదిలేసి వెనక మాట పట్టుకున్నావు. ఆ వెనక మాట కూడా కోర్టు వేసే శిక్ష కాదు. మన బైబిలు తెలుగులో శిక్షించడమంటే దిద్ది నేర్పడం కూడా. శిక్షణ అన్న మాటలో ఆ అర్థం ఇప్పటికీ ఉంది. నేను ముప్పయ్యేళ్లు ఒకటో తరగతి పిల్లలకు చెప్పాను. పలక మీద అక్షరం తప్పు రాస్తే పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దించేదాన్ని. చెయ్యి గట్టిగా నొక్కితే బలపం విరిగేది, పిల్లవాడు ఏడ్చేవాడు, అక్షరం మాత్రం వచ్చేది కాదు.

పౌలు నోరు మూసుకొమ్మని చెప్పలేదు. "అందరి యెడల సాధువుగాను, బోధింప సమర్థుడుగాను, కీడును సహించువాడుగాను" ఉండమన్నాడు. బోధించడాన్ని సాధుత్వానికీ సహనానికీ మధ్యలో పెట్టాడు. కాబట్టి మెత్తగా మాట్లాడితే సత్యం పోతుందన్న భయం పెట్టుకోకు.

నా సంగతి ఒకటి చెప్తాను. పాతికేళ్ల కిందట మా చెల్లెలు వేరే సంఘానికి వెళ్తానంటే ఎనిమిది పేజీల ఉత్తరం రాశాను. పేజీ పేజీకీ రిఫరెన్సులు, ఒక్కటీ తప్పు లేదు. రెండు క్రిస్మసులకు చెల్లి మా గడప తొక్కలేదు. చాలా ఏళ్ల తర్వాత పెట్టెలో చీరల కింద నుంచి ఆ ఉత్తరం తీసి నాకు చూపించింది. నేను రాసిన వచనాల్లో ఒక్కటీ తనకు గుర్తు లేదు. "చదువు తక్కువ కాబట్టి మోసపోయావు" అన్న లైను దగ్గర మాత్రం కాగితం నలిగి నలిగి చిరుగు పట్టింది. ఆ ఉత్తరం రాసినందుకు ఇవాళ్టికీ నా మనసు కలుక్కుమంటుంది.

మా ఆయన పాస్టరు. ఎవరైనా వాదానికి వస్తే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి అంతా వినేవారు. తర్వాత "మీరు చెప్పింది ఇదే కదండీ?" అని వాళ్ల వాదన వాళ్లకే చెప్పేవారు. "అవును, అదే" అని అవతలివాళ్లు అనేదాకా తన మాట మొదలుపెట్టేవారు కాదు. నువ్వూ అలా చేసి చూడు. మీ బావ ఏమంటాడో నీకు తెలుసా? ఆ వాగ్దానము "మీకును మీ పిల్లలకును" అని పేతురు చెప్పాడంటాడు. లూదియ అనే స్త్రీ, ఫిలిప్పీ ఊరి చెరసాల నాయకుడు ఇంటివారితో సహా బాప్తిస్మం పొందారంటాడు. మరి బైబిలు తెరవనివాడు అయ్యాడా? నువ్వు ఐతియోపీయుడైన నపుంసకుడూ, అతనికి సువార్త చెప్పిన ఫిలిప్పూ నీళ్లలోకి దిగిన సంగతి చెప్పు, సమరయలో నమ్మినవాళ్లే బాప్తిస్మం పొందారని చెప్పు. నేనూ నీలాగే నమ్ముతాను. 1878 జూలై 3న మన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచిన సంఘం బిడ్డనే నేనూ. అయితే మీ బావ వాళ్లకీ 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి అంత పాత విశ్వాసం ఉంది.

ఇంగ్లండు ప్రసంగీకులు జాన్ వెస్లీ, జార్జ్ వైట్‌ఫీల్డ్ దేవుని ఏర్పాటు విషయంలో, అంటే రక్షణ పొందేవాళ్లను దేవుడు ముందే ఎన్నుకున్నాడా లేదా అన్న దగ్గర, ఎంత గట్టిగా విభేదించుకున్నారంటే, ఆ వాదాలు అచ్చేసి పంచారు, కొన్నాళ్లు విడిపోయారు కూడా. ఆ సిద్ధాంతం దగ్గర ఇద్దరూ చివరిదాకా ఒకటి కాలేదు. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు, ఆయన ముందే కోరుకున్న ప్రకారం, లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీనే.

ఇక నువ్వు చెయ్యాల్సింది. నలుగురిలో అన్న మాట కాబట్టి ఆ గ్రూపులోనే తప్పు ఒప్పుకో. "బావను అలా అనడం నా తప్పు" అని రాసి అక్కడితో ఆపు. దాని వెనక "కానీ" తగిలించకు. తర్వాత మీ బావకు విడిగా ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే బస్సెక్కి వెళ్లు. వాదం ఆ రోజు వద్దు. ఆయన అడిగిన రోజున కూర్చుని చెప్పు.

ఆ ఆదివారం గుడికి వెళ్లు. బిడ్డకు సాక్షిగా నిలబడమంటే, నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ముందే నెమ్మదిగా కాదని చెప్పు. అక్కడికొచ్చి ముఖం ముడుచుకుని కూర్చోవద్దు. బాబు బట్టలు మాత్రం నువ్వే తీసుకెళ్లు. మేనమామవి కదా, మీ అక్క ఎదురుచూస్తూ ఉంటుంది.