అమృతం తాగి చనిపోతారా?

ప్రశ్న: అయ్యా, ప్రాచీన చైనా తావో మత గ్రంథాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ‘టావోయిస్టులు అమృతం తయారుచేసే రసాయన శాస్త్రాన్ని పెంచి పోషించారు. ఆ అమృతం తాగి కొందరు చక్రవర్తులు మరణించారు’ అని రాశాను. మా సంపాదకుడు నవ్వి, గీత గీసి వెనక్కి పంపారు. అమృతం అనకూడదా? రసవాదం అంటే సరిపోతుందా? టావో, డావో, తావోలలో ఏది రాయాలి?

సమాధానం: ఆయన నవ్వారంటే నవ్వరూ మరి! చావు లేకుండా చేసేది కాబట్టే దానికి అమృతం అని పేరు. అది తాగి చనిపోయారంటే మాట తన కాళ్ళు తానే నరుక్కున్నట్టే. పైగా అమృతాన్ని ఎవరూ వండలేదు. పాలకడలిని చిలికితే పుట్టింది. దేవతలకు దక్కిందే తప్ప పాళ్ళు చెప్పి కొలిమి పెట్టి చేసుకునే వస్తువు కాదు.

తావో గ్రంథాలు చెప్పేది కొలిమి పనే. తావో పండితుడు కో హుంగ్ (283–343) సుమారు 317లో ముగించిన ‘పావ్‌ఫుత్సు’ నాలుగో అధ్యాయమంతా ఈ తయారీ గురించే. ముఖ్యమైన సరుకు ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం. దాన్ని కాలిస్తే పాదరసం దిగుతుంది. ఆ పాదరసం గంధకంతో కలిసి మళ్ళీ ఎర్రబడుతుంది. చచ్చి బతికినట్టు కనిపించే ఈ తిరుగుడే వాళ్ళను పట్టుకుంది. తనలో ఇంత శక్తి ఉన్న పదార్థం మనిషి ఒంట్లోకి వెళితే ఒంటికీ అదే గుణం రాదా అన్నది వాళ్ళ ఆశ. రెండు మట్టిపాత్రలను మూతికి మూతి మూసి, ఏడు దినుసుల మట్టితో సందులు పూడ్చి, రోజుల తరబడి కాల్చి, పైపాత్రకు అంటుకున్న పొడిని ఈకతో దులిపి తీసేవారు. మన నాటువైద్యులు మూకుడు మీద మూకుడు బోర్లించి, చీలమన్ను చుట్టి పుటం పెట్టడం చూసినవారికి ఇదేమీ కొత్తగా ఉండదు. ఆ పొడిని ఉండలు కట్టి మింగేవారు కాబట్టి చాలా చోట్ల ‘తాగడం’ కూడా పొసగదు.

అందుకని నా సలహా: ఈ వస్తువును మందు అనండి. ‘చావులేని మందు’ అనండి. ఇది మరీ మామూలు మాట అని మీకు అనిపించవచ్చు, కానీ దీనంత అమరే మాట నాకు మరొకటి కనబడలేదు. తెలుగులో మందు రోగం కుదిర్చేదీ అవుతుంది, ప్రాణం తీసేదీ అవుతుంది. పల్లెల్లో ‘మందు తాగాడు’ అంటే కబురు ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు (సాయంత్రం పూట పట్నంలో అంటే అర్థం వేరు, అది వదిలేద్దాం). ‘మందు పెట్టింది’ అన్నా మందే, తుపాకిలో కూరేదీ మందే. తమాషా ఏమిటంటే చైనావాళ్ళు కూడా తుపాకిమందును ‘నిప్పుమందు’ అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. అది కూడా ఈ కొలుములలోంచే బయటపడింది. గంధకం, మణిశిల అనే ఎర్రటి పాషాణం, సురేకారం తేనెతో కలిపి కాచినవాళ్ళ చేతులూ ముఖాలూ కాలిపోయాయనీ, ఇల్లు సైతం తగలబడిందనీ ఒక తావో గ్రంథం హెచ్చరించింది. చావు లేకుండా చేసుకోబోయి తుపాకిమందు దగ్గర తేలారన్నమాట.

ఇక మీ చక్రవర్తులు. థాంగ్ వంశంలో 820లో పోయిన షియెన్‌త్సుంగ్ మొదలు, 824లో ముత్సుంగ్, 846లో వుత్సుంగ్, 859లో శ్వెన్‌త్సుంగ్ వరకు నలుగురి చావుకూ ఈ మందులతో ముడి ఉంది. షియెన్‌త్సుంగ్‌ను మాత్రం మందు నేరుగా చంపలేదు. మందు ఆయనలో పుట్టించిన కోపానికి తాళలేక అంతఃపుర నపుంసకులే చంపారని చెబుతారు. కాబట్టి ‘మందు మింగి మరణించారు’ అని కాక ‘మందుల వల్ల చేటు తెచ్చుకున్నారు’ అంటే నలుగురికీ వర్తిస్తుంది.

‘రసాయన శాస్త్రం’ మాట నిజానికి తప్పు కాదు, కాలం చెల్లింది. ఆయుర్వేదం ఎనిమిది అంగాలలో రసాయనం ఒకటి. ముసలితనాన్ని దూరం పెట్టి ఆయుష్షు పెంచే చికిత్స అది. చ్యవనప్రాశ అలాంటి రసాయనమే. ఇప్పుడా మాట చెబితే పాఠకుడికి ఎరువుల బస్తా, ప్రయోగశాల గాజు నాళిక గుర్తుకొస్తాయి.

రసవాదానికి మరో చిక్కు ఉంది. మనకు ఆ మాట వింటే బంగారమే మెదులుతుంది. వేమన గురించి చెప్పుకునే కథల్లో పరుసవేది, ఇనుము, బంగారం. అలంకారశాస్త్రం చదివినవారికైతే కావ్యరసం గుర్తుకొచ్చినా రావచ్చు. మన రసగ్రంథాలు లోహాన్ని మార్చే పనినీ దేహాన్ని మార్చే పనినీ లోహవేధ, దేహవేధ అని విడదీశాయి. కో హుంగ్ కూడా బంగారం, వెండి చేసే సంగతికి పదహారో అధ్యాయాన్ని విడిగా కేటాయించాడు. అయితే చేసిన ఆ బంగారం కూడా అమ్ముకోవడానికి కాదు, మింగడానికే అన్నాడు! రెంటినీ కలిపి చెప్పేటప్పుడు రసవిద్య అనండి. బంగారం సంగతి ఒక్కటే అయితే రసవాదం చాలు.

మన మాటలు చైనా విద్యకు అంటగట్టడం ఏమిటని సంకోచించకండి. 648లో చైనా రాయబారి వెంట మన దేశం నుంచి వెళ్ళిన ఒక వైద్యుడు (పేరు నారాయణస్వామి అయి ఉంటుందని పండితులు పోల్చుకున్నారు) థైత్సుంగ్ చక్రవర్తికి ఆయుష్షు మందు చేయడానికి పూనుకున్నాడు. చక్రవర్తి మరుసటి ఏడే పోయాడు.

ఒక్క జాగ్రత్త. తర్వాతి గ్రంథాలలో, ముఖ్యంగా 1075 నాటి తావో గురువు చాంగ్ పోత్వాన్ పద్యాలలో, కొలిమి, సీసం, పాదరసం అన్నీ ఉంటాయి కానీ ఏదీ బయట ఉండదు. శరీరమే కొలిమి, ఊపిరీ ధ్యానమూ నిప్పు. అక్కడ ‘లోపలి మందు’ అని విడిగా చెప్పకపోతే ఆయన కూడా పాదరసం మింగాడనుకుంటారు. ఈ విద్య పండినవారిని దేవతలు అనకండి, సిద్ధులు అనండి. ప్రవరుడి ఇంటికి వచ్చిన పాదలేపం సిద్ధుణ్ణి ఎరిగిన తెలుగువారికి అంతకంటే వివరణ అక్కరలేదు.

చివరిది పేరు సంగతి. తావో అనే రాయండి. ఇంగ్లీషు రాతలో పాత పద్ధతి ‘టి’, కొత్త పద్ధతి ‘డి’ వాడుతున్నాయి కానీ చైనావారి నోట పలికేది మన ‘త’కు దగ్గరగా ఉండే అక్షరం, ఒత్తు లేనిది. టావో, డావో రెండూ ఇంగ్లీషు అక్షరాన్ని చూసి రాసినవే. పత్రికల్లో గె హాంగ్ అని కనిపించే పేరును నేను కో హుంగ్ అన్నదీ ఇందుకే. మీ పత్రికలో ఇప్పటికే మరో రూపం స్థిరపడి ఉంటే దాన్నే వ్యాసమంతా ఒకే తీరున వాడండి.